జగిత్యాల ఊలు, సిరిసిల్ల నూలు

మా మేనకోడలికి తొలికాన్పు. కాపురం జగిత్యాలలో. పుట్టబోయే బిడ్డకు ఒక టోపీ, ఒక చిన్న దుప్పటి క్రోషా సూదితో అల్లి యివ్వాలనుకున్నాను. చేత్తో అల్లిన కానుకకు బజారుతో సంబంధం లేదని మనలో చాలామందికి ఒక నమ్మకం వుంది. దారం కొనబోయేదాకా నాకూ వుండేది.

జగిత్యాల దుకాణంలో ఊలు అడిగితే రంగురంగుల వుండలు ముందు పోశారు. ఒక వుండ కొని, యింటికి తెచ్చి, పోగు తుంచి వెలిగించి చూశాను. ఉన్ని కాలితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది. నూలైతే కాగితంలా కాలి బూడిదవుతుంది. యిది కరిగి గట్టిపూసై కూర్చున్నది. అక్రిలిక్! అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ 1950లో ఆర్లాన్ అనే పేరుతో బజారుకు దింపిన పోగుకు యిది వారసురాలు. నేడు దీని ముడిసరుకు పెట్రోలియం నుంచి వస్తుంది. గొర్రెతో దీనికి యేనాడూ చుట్టరికం లేదు; అయినా మన బజారులో దీని పేరు ఊలే.

మరి అసలు ఉన్ని మాటేమిటి? తెలంగాణలో కురుమలు దక్కనీ గొర్రెల ఉన్నితో గొంగళ్లు నేశారు. చింతగింజల గంజి పట్టించిన ఆ గొంగడి వానకూ చలికీ కాపరిని కాచింది. కాని అది గరుకు, పసితలకు గుచ్చుకుంటుంది. పైగా గొర్రెను మాంసానికే పెంచటం మొదలై, ఉన్ని లేని నెల్లూరు జాతి వచ్చాక అదీ అరుదైపోయింది. కనుక నాకు కావలసింది నూలు: చెమట పీల్చేది, వేడినీళ్లలో వుతకదగ్గది.

కోరుట్లలో చుట్టాలింట నూలుదారం కనిపించింది, బీడీలు చుట్టే చాటలో. అల్లికకు పనికిరానంత సన్నం. ఆ చాట ముందు కూర్చున్న వదినె వెయ్యి బీడీల లెక్కన కూలి తీసుకుంటుంది. యింటిపని మధ్య చేస్తుంది గనుక దాన్ని పని అనేవారు తక్కువ. నరసాపురం లేసు అల్లే స్త్రీలను గురించి మరియా మీస్ 1982లో వెలువరించిన పుస్తకంలో చెప్పింది సరిగ్గా యిదే. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఆ అల్లిక విదేశీ మార్కెట్లకు పోయింది. అల్లినవారు మాత్రం తీరిక వేళ కాలక్షేపం చేసే గృహిణులుగానే లెక్కకెక్కారు. నేను సరదాకు పట్టుకున్న సూది అక్కడ కూలిపనిముట్టు.

సిరిసిల్ల నేతపట్నం గదా, అక్కడైనా దొరకదా అని వెళ్లాను. సందుసందునా మరమగ్గాల చప్పుడు. తొంగిచూసిన ప్రతి షెడ్డులోనూ కోన్లు పాలిస్టరువే. నూలు లేదా పెద్దయ్యా అని ఒక ముసలి నేతగాణ్ణి అడిగాను. "నూలా? మా యింట్ల నూలు పోయి ఎన్నేండ్లాయె బిడ్డా!" అన్నాడు.

ఆయన పోగొట్టలేదు. 1985 జూన్‌లో కేంద్రప్రభుత్వం ప్రకటించిన జౌళి విధానం నూలుకూ కృత్రిమపు పోగుకూ మధ్య యెంచుకునే పూర్తి స్వేచ్ఛ యిచ్చింది. ఎవరికి? మిల్లుకు. చేనేతకోసం మిల్లులు దేశంలో అమ్మే నూలులో సగం చిలపలుగా కట్టాలన్న నిబంధన వుండేది. దాన్ని 2003లో 40 శాతానికి, 2019లో 30 శాతానికి దించారు. చేతిమగ్గం వదిలి భీవండికి వలసపోయినవారు అక్కడ నేర్చింది మరమగ్గమే. 2017లో ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరలను కొన్నిచోట్ల ఆడవాళ్లు తగలబెట్టారు. ఆ పాలిస్టరు చీరల ఆర్డరే, 2023 దాకా, సిరిసిల్లలో యెన్నో కుటుంబాలకు కూడు పెట్టింది. ఆత్మహత్యలు చూసిన వూరిలో ఆ కూటిని తక్కువచేసి మాట్లాడే అర్హత నాకు లేదు.

కొనేవాళ్లు మారితే సరుకు మారుతుందని వాదించే మిత్రులున్నారు. వారు నాతో ఒకసారి జగిత్యాల దుకాణానికి రావాలి. అక్కడ యెంచుకోవటానికి నాకు మిగిలింది రంగు మాత్రమే.

ముసలాయన లోపలికి వెళ్లి, అటకమీద మూట విప్పి, పసుపు తిరిగిన రెండు చిలపలు తెచ్చాడు. డబ్బు వద్దన్నాడు. ఒంటిపోగు అల్లికకు ఆగదని, ఎనిమిది పోగులు కలిపి పురి యెట్లా పెట్టాలో ఆయన భార్య చేతిలో కదురు పెట్టి చూపించింది. నా పురి మూడుసార్లు విడిపోయింది. ఆవిడ నవ్వి, మళ్లీ పట్టించింది.

టోపీ పూర్తయింది. దుప్పటికి నూలు కోసం యింకా తిరుగుతున్నాను.