తాళంచెవి లేకుండా తాళం

మోటారు కారు చక్రాన్ని ఇరుసు చివరనున్న హబ్బుకు నాలుగైదు నట్లు గాని బోల్టులు గాని పట్టి ఉంచుతాయి. వాటిని విప్పడానికి ఒక్క పానా చాలును. దారిలో చక్రం పంక్చరైతే ఎవరి సాయమూ లేకుండా మార్చుకోగలగవలెనన్న ఉద్దేశంతోనే వాటిని ఇంత సులభంగా విప్పదగినట్లు నిర్మించినారు. కాని యజమానికి సులభమైన పని దొంగకు కూడ సులభమే. అందువల్ల ఖరీదైన మిశ్రలోహపు చక్రాలు గల కార్లకు చక్రానికి ఒకటి చొప్పున తాళపు నట్టు బిగించడం వాడుకలోనికి వచ్చినది. ఈ నట్టుకు మామూలు నట్టువలె ఆరు పలకల తల ఉండదు. దాని ముఖం మీద వంపులు తిరిగిన ఒక గాడి చెక్కి ఉంటుంది. ఆ గాడిలో సరిగా కూర్చునే ఉక్కు ముక్క మాత్రమే దానిని తిప్పగలదు. ఆ ముక్కయే దాని తాళంచెవి.

అది పోయిన నాడు చిక్కు మొదలవుతుంది. కారు తనదే, చక్రం తనదే, వెనుక డిక్కీలో మారు చక్రం కూడ ఉన్నది. అయినా చీకటివేళ ఊరికి దూరంగా నిలిచిపోయిన యజమానికీ, చక్రాన్ని దొంగిలించ వచ్చినవానికీ ఆ నట్టు భేదం చూపదు. తాళంచెవి లేకుండా దానిని తీయడం సాధ్యమా? సాధ్యమే అయితే అటువంటి తాళం వల్ల ప్రయోజనమేమి? ఈ ప్రశ్నలు కారు కంటె పాతవి. 1851వ సంవత్సరంలో లండను నగరమంతా వీటిని గురించియే చర్చించినది.

స్టెప్నీ పుట్టుక

మొదటి కార్లలో మారు చక్రం ఉండేది కాదు. టైరు పంక్చరైతే దానిని చక్రం మీదనే విప్పి, అతుకు వేసి, తిరిగి గాలి కొట్టవలసి వచ్చేది. 1904లో వేల్సు దేశపు లనెల్లీ పట్టణంలో డేవిస్ సోదరులు ఒక ఉపాయం కనిపెట్టినారు. అది ఆకులు లేని ఒక వలయం. దానిమీద గాలి నింపిన టైరు సిద్ధంగా ఉంటుంది. పాడైన చక్రానికి దానిని కొక్కెములతో తగిలించి ప్రయాణం సాగించవచ్చును. వారి దుకాణం స్టెప్నీ వీధిలో ఉండుటచే దానికి ఆ పేరే వచ్చినది. నేటికీ మన మెకానిక్కులూ, డ్రైవర్లూ మారు చక్రాన్ని ‘స్టెప్నీ’ అనియే పిలుస్తున్నారు. తరువాత చక్రాన్నే మొత్తంగా విప్పి, వేరొక చక్రం బిగించే పద్ధతి వ్యాపించినది. చక్రం విప్పడం ఎంత తేలికైనదో, దానికి తాళం వేయవలసిన అవసరం అంత పెరిగినది.

బ్రామా పందెం

తాళాల చరిత్రలో ఇటువంటి పోటీ అంతకు ముందే జరిగి ఉన్నది. 1784లో జోసెఫ్ బ్రామా అనే ఆంగ్ల శిల్పి ఒక కొత్త తాళానికి పేటెంటు పొందినాడు. దాని తాళంచెవి చిన్న గొట్టంవలె ఉంటుంది. గొట్టం కొసన వేరువేరు లోతులు గల గంట్లు ఉంటాయి. తాళం లోపల స్ప్రింగు ఒత్తిడికి లోబడి కొన్ని జారుడు పలకలు ఉంటాయి. తాళంచెవిని లోపలికి నొక్కినప్పుడు ప్రతి పలకా తన గంటు లోతును బట్టి కొంత దూరం జరుగుతుంది. అన్ని పలకలూ తమ తమ సరియైన స్థానాలకు వచ్చిన క్షణాననే తాళం తిరుగుతుంది. ఒక్క పలక తప్పినా తిరగదు.

ఇంత సున్నితమైన భాగాలను చేతిపనితో చేయడం కష్టం. అందుకై బ్రామా కర్మాగారంలో హెన్రీ మాడ్స్లే అనే యువకుడు ప్రత్యేక యంత్రాలను నిర్మించినాడు. అతడే తరువాత యంత్రపరికరాల నిర్మాణంలో మహాశిల్పిగా పేరు పొందినాడు. ఒక తాళం కోసం చేసిన కృషి యంత్రయుగానికే పనిముట్లను సమకూర్చినదన్న మాట.

పికడిల్లీ వీధిలోని తన దుకాణపు కిటికీలో బ్రామా 18 పలకలు గల ఒక తాళాన్ని ప్రదర్శించినాడు. దానిని తాళంచెవి లేకుండా తీయగల పరికరం చేసినవానికి 200 గినీల బహుమానం ఇస్తామని దానిమీద ప్రకటన ఉండేది. 1814లో బ్రామా మరణించినాడు. అతని తరువాత కూడ ఆ సవాలు అట్లే నిలిచి ఉన్నది.

ఈలోగా 1817లో పోర్ట్స్‌మత్ ఓడరేవు కర్మశాలలో దొంగతనం జరిగినది. తన తాళంచెవితో తప్ప తెరువరాని తాళం చేసినవారికి ప్రభుత్వం 100 పౌనుల బహుమతి ప్రకటించినది. 1818లో జెరిమయా చబ్ అనే వ్యక్తి తన ‘పట్టిచ్చే తాళం’తో ఆ బహుమతి గెలిచినాడు. ఎవరైనా వేరొక పనిముట్టుతో లోపలి మీటలలో ఒకదానిని హద్దు మీరి ఎత్తితే అది అక్కడే చిక్కుకొనిపోతుంది. తరువాత యజమాని తాళంచెవి పెట్టగానే ఎవరో ప్రయత్నించినట్లు అతనికి తెలిసిపోతుంది.

హాబ్స్ రాక

1851లో లండనులోని హైడ్ పార్కులో, స్ఫటిక భవనంలో మహాప్రదర్శనం జరిగినది. అమెరికా తాళాలను ప్రదర్శించడానికి ఆల్‌ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ అనే నిపుణుడు అక్కడికి వచ్చినాడు. ఆ ఏడు జూలై 22వ తేదీన వెస్ట్‌మినిస్టర్‌లోని ఒక ఇంటిలో, సాక్షుల సమక్షంలో అతడు చబ్ తాళాన్ని 25 నిమిషాలలో తెరచినాడు. అంతటితో ఆగక 7 నిమిషాలలో దానిని తిరిగి వేసినాడు కూడ. ఎవరో ప్రయత్నించినట్లు తెలుపవలసిన తాళం ఏమీ తెలుపలేదు.

తరువాత అతడు బ్రామా తాళానికి పూనుకొన్నాడు. 16 దినాలపాటు, మొత్తం 51 గంటలు శ్రమించి దానిని కూడ తెరచినాడు. తాళపు చెక్కకు పరికరాలను బిగించి ఇన్ని రోజులు పని చేయడం న్యాయం కాదని బ్రామా సంస్థవారు వాదించినారు. మధ్యవర్తులు మాత్రం హాబ్స్ పక్షమే తీర్పు చెప్పినారు. 200 గినీలు అతనికి చెల్లినవి.

కూడిక, గుణకారం

అది ఎట్లు సాధ్యమైనది? విద్యార్థులు ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చును. 18 పలకలు ఉన్నవనీ, ఒక్కొక్క పలక 6 స్థానాలలో దేనిలోనైనా నిలువవచ్చుననీ అనుకొందము. తాళంచెవిని ఊహించి చేయవలెనంటే 6ను 18 మార్లు హెచ్చవేయవలెను. ఆ ఫలం 101 లక్షల కోట్లకు మించుతుంది. జీవితమంతా ప్రయత్నించినా అన్నింటిని పరీక్షించడం అసాధ్యం.

కాని పనివాడు ఎంత నేర్పరియైనా 18 పలకలను వెంట్రుకవాసి తేడా లేకుండా చేయలేడు. తాళాన్ని తిప్పడానికి కొంచెం బలం ప్రయోగించి ఉంచితే అన్ని పలకలూ ఒకేసారి బిగియవు. ఏదో ఒకటి ముందుగా బిగుస్తుంది. దానిని మెల్లగా జరిపితే సరియైన చోటికి రాగానే ఆ బిగువు సడలుతుంది. అప్పుడు రెండవదానిని వెదకవచ్చును. ఈ విధంగా ఒక్కొక్క పలకను విడివిడిగా పట్టుకొంటే ప్రయత్నాల సంఖ్య 6ను 18తో ఒక్కసారి హెచ్చవేసినంత, అనగా 108 మాత్రమే. గుణకారాన్ని కూడికగా మార్చడమే ఈ విద్యలోని రహస్యం.

ఇటువంటి విషయాలు బయటపెడితే దొంగలకు నేర్పినట్లే గదా అని ఆనాడు పలువురు ఆక్షేపించినారు. దొంగలకు ఇవి ముందే తెలుసుననీ, తెలియనివారు తాళం కొనుక్కొనే మంచివారేననీ ప్రత్యుత్తరం వచ్చినది. కాలం ఆ ప్రత్యుత్తరాన్నే సమర్థించినది. లోపం వెల్లడియైన తరువాతనే తాళాల నిర్మాతలు దానిని సవరించడానికి పూనుకొన్నారు. 1861, 1865 సంవత్సరాలలో లైనస్ యేల్ పేటెంటు పొందిన చిన్న సూదిమొలల తాళం నేటి ఇండ్ల తలుపులకు మూలమైనది.

నట్టు వద్ద జరిగేది

చక్రపు నట్టు బలహీనత వేరు. బ్రామా తాళంలోని యంత్రమంతా లోపల దాగి ఉంటుంది. నట్టు మాత్రం బయటనే నిలిచి ఉన్నది. కారు చక్రపు నట్టును సుమారు 100 న్యూటన్-మీటర్ల బలభ్రామకంతో బిగిస్తారు. అనగా అర మీటరు పొడవు గల పానా కొసన సుమారు 20 కిలోల బరువు వేసినంత. అంత బలాన్ని నట్టుకు అందించగల పట్టు దొరికితే చాలును, గాడి ఆకారంతో పని లేదు.

కనుక మెకానిక్కు నట్టు కంటె రవ్వంత చిన్న సాకెట్టును సుత్తితో దానిమీదికి దిగగొట్టి విప్పుతాడు. మరొక పనిముట్టులో లోపలివైపు ఎడమచేతి వాటపు పదునైన మరలు ఉంటాయి. విప్పే దిక్కునకు తిప్పేకొద్దీ అవి నట్టును మరింత గట్టిగా కరచుకొంటాయి. దీనికి విరుగుడుగా నిర్మాతలు నట్టు చుట్టూ వదులుగా తిరిగే కడియం అమర్చినారు. సాకెట్టు ఆ కడియాన్ని పట్టుకొంటే కడియమే తిరుగుతుంది గాని నట్టు కదలదు. అప్పుడు ముందుగా కడియాన్ని తొలగించవలసి వస్తుంది, లేదా నట్టును డ్రిల్లుతో తొలిచివేయవలసి వస్తుంది. పని పెరిగినకొద్దీ చక్రానికి గీతలు పడే ప్రమాదం కూడ పెరుగుతుంది. హాబ్స్ తెరచిన తాళం చెడలేదు. ఇట్లు తీసిన నట్టు మాత్రం మరల పనికిరాదు.

యజమానికి ఇంతకంటె మంచి మార్గం ఒకటి ఉన్నది. అనేక తాళపు నట్లతోపాటు ఒక సంకేత సంఖ్య ఇస్తారు. దానిని వేరొకచోట వ్రాసి భద్రపరచుకొంటే అదే నమూనా తాళంచెవిని తిరిగి తెప్పించుకోవచ్చును. ధక్కా యంత్రంతో నట్టు బిగిస్తే తాళంచెవి గాళ్లు అరిగిపోవచ్చును గనుక చేతి పానాతో బిగించడం మేలు.

తెరువరాని తాళం అంటూ లేదని 1851 నిరూపించినది. అయినా తాళం వ్యర్థమని ఎవరూ అనలేదు. చబ్ తాళం 25 నిమిషాలు, బ్రామా తాళం 51 గంటలు నిలిచినవి. తాళం చేసేది దొంగను ఆపడం కాదు, అతని కాలాన్ని హరించడం. అందుకే అమెరికాలో ఇనుప పెట్టెలను పరీక్షించే సంస్థ వాటిని 15 నిమిషాలవి, 30 నిమిషాలవి అని, పనిముట్ల దాడికి అవి ఓర్చే కాలాన్ని బట్టియే తరగతులుగా విభజిస్తున్నది. చక్రపు నట్టు కొన్ని నిమిషాలు నిలువగలదు. నలుగురు తిరిగే వీధిలో దొంగకు ఆ కొన్ని నిమిషాలే చాల ఎక్కువ.