పత్తిచేల పాటకు తొలికర్త ఎవరు?

రాక్ అండ్ రోల్ తొలి రికార్డు ఏది? 1951లో మెంఫిస్‌లో ఐక్ టర్నర్ బృందం చేసిన ‘రాకెట్ 88’ అని కొందరు, 1954 నాటి ఎల్విస్ ప్రెస్లీ రికార్డు అని కొందరు వాదిస్తారు.

ఆదోనిలో జిన్నింగు మిల్లుల చప్పుడు మధ్య పెరిగినవాణ్ణి నేను. ఆ సంగీతం మూలాలు వెతికితే నాకు పత్తే ఎదురైంది. 1915లో సిస్టర్ రోసెటా థార్ప్ పుట్టిన ఆర్కాన్సా ఊరి పేరు కాటన్ ప్లాంట్, అంటే పత్తిమొక్క. కన్నవాళ్లు పత్తి ఏరే నల్లజాతి కూలీలు. భక్తిపాటకు హుషారైన గిటారు దరువు జోడించి ఆమె 1944లో చేసిన రికార్డే మొదటిదనే వాదమూ ఉంది. 1973లో ఆమె చనిపోయాక ముప్పయ్యేళ్లకు పైగా సమాధి మీద పేరైనా లేదు.

‘తొలి రికార్డు’ అన్నది సరుకు లెక్క. రికార్డుకు యజమాని ఉంటాడు, ధర ఉంటుంది. చేలో పుట్టిన పాటకు ఆ రెండూ లేవు. కనుకనే ఈ చరిత్ర శ్రమ దగ్గర గాక అమ్మకం దగ్గర మొదలవుతోంది.

పక్కనున్న ఎమ్మిగనూరు చీర మీద కొట్టు పేరుంటుంది, నేసిన చేతి పేరుండదు. మన చేలల్లో పత్తి ఏరే ఆడవాళ్ల పాటలను పాడినవారి పేర్లతో సహా రాసిపెట్టవలసిన బాధ్యత మనది. ఎవరో వచ్చి తొలికర్తను నేనే అనకముందే ఆ పని జరగాలి.