తల వంచి చదివే నవ్వు

మెయిల్లో పెట్టే నవ్వుమొహానికి పుట్టినతేదీ ఉంది: 1982 సెప్టెంబరు 19. ఊరు అమెరికాలోని పిట్స్‌బర్గ్, చోటు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం. లిఫ్టులో పాదరసం ఒలికిందని అక్కడి కంప్యూటర్ నోటీసుబోర్డు మీద ఒకాయన సరదాకి రాస్తే కొందరు నిజమనుకున్నారు. దాంతో జోకుకో గుర్తుండాలన్న చర్చ లేచింది. నక్షత్రం గుర్తన్నారు, శాతం గుర్తన్నారు. అక్కడే పనిచేసే స్కాట్ ఫాల్మన్ కోలన్, హైఫన్, బ్రాకెట్ వరసగా కొట్టి, పక్కకు తిప్పి చదవమన్నాడు :-) అంతే. ఏడుపుమొహమూ ఆయనదే, జోకు కానివాటికట! ఆ అసలు సందేశం 2002లో గానీ పాత బ్యాకప్ టేపుల్లో దొరకలేదు.

శుభలేఖ అంచులకు పసుపు రాసి, విప్పకముందే సంగతి చెప్పేసిన మనవాళ్లకు ఇలా గుర్తు పెట్టడం ఏమంత వింత కాదు.

నాకు నచ్చే ఘట్టం ఆ తర్వాతది. ఓ మెయిల్ సాఫ్ట్‌వేర్ ఆ గుర్తును వింగ్‌డింగ్స్ ఫాంటులోని నవ్వుబొమ్మగా మార్చేది. ఆ ఫాంటులో బొమ్మ కూర్చున్నది ఇంగ్లిషు 'జె' స్థానంలో. ఫాంటు అందని చోట బొమ్మ పోయి అక్షరం మిగిలేది. హైదరాబాదులో మా ఆఫీసుకు "థ్యాంక్యూ జె" అంటూ మెయిళ్లొస్తే, ఈ జె ఎవరండీ అని అకౌంట్స్ ఆయన అడిగేవారు. 2010లో కంప్యూటర్ అక్షరాల ప్రమాణమైన యూనికోడ్ బోలెడు నవ్వుమొహాలకు విడి సంకేతాలిచ్చింది. జె గారు మెల్లగా రావడం మానేశారు.