స్టైల్ డిక్షనరీ
స్టైల్ డిక్షనరీ అనేది డిజైన్ టోకెన్లను వివిధ వేదికలకు తగిన కోడ్‌గా మార్చే ఓపెన్‌సోర్స్ సాధనం. రంగు, అక్షర పరిమాణం, ఖాళీ వంటి ఒక్కో డిజైన్ నిర్ణయానికి పేరు, విలువ కలిపి రాసుకున్న నమోదే టోకెన్. ఈ భావన 2010ల మధ్యలో సేల్స్‌ఫోర్స్ సంస్థలో రూపుదిద్దుకుంది. స్టైల్ డిక్షనరీని అమెజాన్‌లో డానీ బ్యాంక్స్ ప్రారంభించారు. ఇది అపాచీ 2.0 లైసెన్సు కింద లభిస్తుంది.

ఈ సాధనం జేసన్ ఫైళ్లను చదివి వెబ్‌కు సీఎస్ఎస్, ఆండ్రాయిడ్‌కు ఎక్స్ఎంఎల్, ఐఓఎస్‌కు స్విఫ్ట్ కోడ్‌ను వెలువరిస్తుంది. ఈ క్రమంలో కొలతల ప్రమాణాలు కూడా మారతాయి: సాధారణ అమరికలో 1 రెమ్ అక్షర పరిమాణం ఆండ్రాయిడ్‌లో 16 ఎస్‌పీ అవుతుంది. ఒక టోకెన్ మరో టోకెన్‌ను విలువగా తీసుకోవచ్చు. బటన్ రంగు ప్రధాన రంగుపై ఆధారపడి ఉంటే, ప్రధాన రంగును సవరించగానే తదుపరి నిర్మాణంలో బటన్ రంగూ మారుతుంది. 2024లో వెలువడిన 4వ రూపాంతరం డబ్ల్యూ3సీ డిజైన్ టోకెన్ల సముదాయ బృందం రూపొందించిన ఫైలు పద్ధతిని స్వీకరించింది. ఆ పద్ధతి తొలి స్థిర రూపం 2025 అక్టోబరులో వెలువడింది.

కోడ్ రాసే ఏఐ ఏజెంట్లకు ఈ ఫైలు పద్ధతిలోని వివరణ గడి ఎంతో ఉపయోగకరం. ఒకే నీలం రంగు లింకులోనూ హెచ్చరికలోనూ కనిపించవచ్చు. ఏది ఎక్కడ వాడాలో రంగు విలువను బట్టి తెలియదు. ఆ ఉద్దేశాన్ని వివరణలో రాస్తే, స్టైల్ డిక్షనరీ దాన్ని సీఎస్ఎస్ ఫైలులో వ్యాఖ్యగా చేర్చగలదు. అప్పుడు మూల ఫైలును చదివే ఏజెంటుకూ, తయారైన కోడ్‌ను చదివే ఏజెంటుకూ అదే మార్గదర్శనం అందుతుంది.