ఇసుక మీద మగ్గం

దోహా నేషనల్ మ్యూజియంలో ఎడారి జీవితపు గదిలోకి అడుగుపెట్టగానే నాకు మా అమ్మమ్మ భుజం గుర్తొచ్చింది. పోచంపల్లిలో ఆమె ఆసు పోసేది. మేకుల చుట్టూ పోగు తిప్పీ తిప్పీ కుడిచెయ్యి పైకి లేవకుండా పోయింది. చీర నేసిన పేరు మాత్రం తాతదే.

ఇక్కడి బెదూయిన్ల ఇళ్లలో నేత పూర్తిగా ఆడవాళ్లది. దాన్ని సదూ అంటారు. నాలుగు మేకులు, ఇసుక మీద పరుచుకున్న మగ్గం, పేకను బిగించడానికి జింక కొమ్ము. గొర్రె ఉన్ని, మేక వెంట్రుకలు, ఒంటె బొచ్చు వడికి గుడారాన్నే నేసేవారు. మగవాళ్ల వైపును, ఆడవాళ్ల వైపును విడదీసే తెర మీదే అసలైన పనితనమంతా చూపేవారు. మకాం ఎత్తే రోజున మేకులు పీకి, సగం నేసిన గుడ్డను చుట్టి, ఒంటె మీద కట్టేవారు. కాగితం మీద నమూనా లేదు. తల్లి చేతిని చూసి కూతురు నేర్చుకోవడమే.

1959లో డెన్మార్క్ నుంచి క్లాస్ ఫెర్డినాండ్, యెట్టె బాంగ్ వచ్చి ఈ జీవితాన్ని ఫొటోలుగా, సినిమాగా తీశారు. బాంగ్ స్త్రీ కావడం మన అదృష్టం; ఆ తెరకు ఆడవాళ్ల వైపుకి కూడా ఆమె వెళ్లగలిగింది.

పక్కనే నా కూతురు వేలెత్తి గుడారపు తెర మీది ముక్కోణాలు లెక్కపెడుతోంది, అమ్మమ్మ పోగులు లెక్కపెట్టినట్టే, పెదాలు కదుపుతూ.