కాంతి రసాయన చర్యల త్వరిత పరీక్షలు

వెలుగు తగిలితేనే జరిగే రసాయన చర్యలకు తగిన ఉత్ప్రేరకాన్ని త్వరగా ఏరుకునే పద్ధతులివి. ఒక్కో మిశ్రమాన్నీ విడిగా గంటల తరబడి కాంతిలో ఉంచి కొలిచే బదులు, చిన్న మోతాదుల్లో ఎన్నో మిశ్రమాలను ఒకేసారి పరీక్షిస్తారు.

ఒకప్పుడు ఇటలీలోని బొలోన్యాలో జాకొమో చమిచన్ విశ్వవిద్యాలయం మేడమీద సీసాలను ఎండలో పెట్టి ఫలితం కోసం ఎదురుచూసేవారు. సూర్యకాంతితో నడిచే పరిశ్రమలను 1912లోనే ఊహించిన శాస్త్రవేత్త ఆయన. 1972లో ఫుజిషిమా, హోండా టైటానియం డయాక్సైడుపై కాంతి పడితే నీరు విడిపోతుందని చూపారు. ఆ తర్వాత కొత్త పదార్థాలు వెల్లువెత్తాయి, పరీక్షలే వెనకబడ్డాయి.

మిథిలీన్ బ్లూ రంగు ఎంత త్వరగా వెలిసిపోతుందో చూడటం చాలాకాలం వాడుకలో ఉన్న పద్ధతి. తేలికే కానీ నమ్మదగింది కాదు. ఆ రంగు తానే కాంతిని పీల్చుకుంటుంది కనుక, వెలిసిన ఘనత ఉత్ప్రేరకానిదో రంగుదో తేలదు. అయినా ఇప్పటికీ దాని మీదే బోలెడు పత్రాలు వస్తున్నాయి!

2005లో ఆండ్రూ మిల్స్ బృందం తెచ్చిన, ఉత్ప్రేరకపు పూత మీద పూసే సిరా దారి మార్చింది. అందులో గ్లిసరాల్, రెసజురిన్ ఉంటాయి. అతినీలలోహిత కాంతికి ఉత్ప్రేరకంలో పుట్టే ధనావేశ రంధ్రాలు (ఎలక్ట్రాన్లు కదలగా ఏర్పడే ఖాళీలు) గ్లిసరాల్‌ను ఆక్సీకరిస్తాయి. మిగిలిన ఎలక్ట్రాన్లు నీలి రెసజురిన్‌ను గులాబీ రంగు రెసొరుఫిన్‌గా మారుస్తాయి. చురుకైన పూత మీద ఇది నిమిషాల పని. పదో తరగతి కాగానే పల్లె పిల్లలను చేర్చుకునే బాసర ట్రిపుల్ ఐటీ లాంటి చోట తొలి ప్రయోగానికి ఇంతకన్నా అనువైనది కనబడదు: సిరా, పూతతో పాటు ఎండ, ఫోన్ కెమెరా ఉంటే చాలు.

సేంద్రియ రసాయన శాస్త్రంలో చిక్కు వేరు. చిన్న గుంటలున్న పళ్ళెం కింద ఎల్‌ఈడీలు పెడితే అన్ని గుంటలకూ ఒకే వెలుగు, ఒకే వేడి అందవు. దాంతో పోలికే చెడుతుంది. 2016లో రసాయన శాస్త్రవేత్త గ్లోరియస్ బృందం చర్య జరిపించకుండానే, ఉత్ప్రేరకపు మెరుపును ఏ పదార్థం తగ్గిస్తోందో చూసి వడపోసింది. 2020లో లివర్‌పూల్ విశ్వవిద్యాలయపు రోబో ఎనిమిది రోజుల్లో 688 ప్రయోగాలు చేసి, నీటి నుంచి హైడ్రోజన్ తీసే మిశ్రమాన్ని మెరుగుపరిచింది.

తెలుగు నేలపైనా ఎండను నమ్ముకున్న పని సాగింది. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో ఎం. సుబ్రహ్మణ్యం, వి. దుర్గాకుమారి బృందం ఐసోప్రోట్యురాన్ కలుపుమందును సూర్యకాంతిలో విచ్ఛిన్నం చేసే ఉత్ప్రేరకాలను పరీక్షించింది. కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో ఎం.వి. శంకర్ బృందం గ్లిసరాల్ కలిపిన నీటి నుంచి హైడ్రోజన్ తీసింది. సిరాలో లాగే ఇక్కడా గ్లిసరాల్ ధనావేశ రంధ్రాలను పట్టుకుంటుంది.