సిడ్నీలో తేలిన చెరకు ధర

చెరకు నరికిన పిమ్మట రైతునకు మిగులు వ్యవధి బహు స్వల్పము. వడ్లయినచో గాదెలో పోసి మంచి ధర వచ్చువరకు నిలుపవచ్చును. చెరకట్లు గాదు. కోసిన నాటినుండియే దాని తీపి తరుగుచుండును. ఈ ద్వీపములలో మన పెద్దలు పడిన కష్టములకు మూలము చాలవరకు ఇందే యున్నదని మా యభిప్రాయము.

విశాఖపట్టణ మండలమునుండి వచ్చినవారికి చెరకు క్రొత్త గాదు. అనకాపల్లి ప్రాంతమున రైతు గానుగలో రసము తీసి, పెనముపై కాచి, బెల్లము దిమ్మలు చేసి బేరమాడి అమ్ముకొనెడివాడు. బెల్లము నిలువ యుండును గనుక బేరమునకు తావుండెను. 1903 మొదలు మద్రాసునుండి గిర్మిటుపై ఫిజీకి వచ్చినవారికి ఆ వీలు పోయినది. ఇచ్చట మిల్లే గతి. ఆ మిల్లు 1855లో సిడ్నీలో స్థాపితమైన కలోనియల్ షుగర్ రిఫైనింగు కంపెనీది. నౌసోరిలో 1882లోను, లబాసాలో 1894లోను, లౌటోకాలో 1903లోను దాని మిల్లులు వెలసెను.

గిర్మిటు దినములలో పురుషునకు రోజుకూలి ఒక షిల్లింగు, స్త్రీకి తొమ్మిది పెన్నీలు. అదియు ఒప్పగించిన పని ముగించిననే. 1920 జనవరి 1న గిర్మిటు రద్దయిన పిమ్మట కంపెనీ తన తోటలను పదేసి యెకరముల చొప్పున మనవారికి కౌలుకిచ్చెను. కూలి రైతయ్యెను గాని, పొలమునుండి చెరకు మోయు చిన్న రైలు కంపెనీదే, కాటా కంపెనీదే. ఆక్లండులో ముడి చక్కెరను శుద్ధిచేయు చెల్సీ కర్మాగారమును కంపెనీదే. ఆస్ట్రేలియా మాత్రము 1901 తరువాత సుంకములు విధించి తన చక్కెరనే కాపాడుకొనెను. మన చక్కెర అటు పోకున్నను లాభము పోయెను.

క్వీన్సులాండులోను కోసిన చెరకు నిలువ యుండదు. అచ్చటను ఈ కంపెనీకి మిల్లులుండెను. అయినను 1915లో అచ్చటి శాసనసభ చట్టము చేసి, రైతుల ప్రతినిధులు కూడ కూర్చుండు బోర్డులకు ధర నిర్ణయము నొప్పగించెను. ఆ రైతులకు ఓటుండెను, మనవారికి లేదు. ఆ తోటలలో పూర్వము శ్రమించిన పసిఫిక్ ద్వీపవాసులను 1906 మొదలు ఓడలెక్కించి పంపివేసిరన్న మాటయు మరువరాదు.

ఫిజీలో కిసాన్ సంఘము 1937లోను, మహాసంఘము 1941లోను ఏర్పడెను. 1943లో శ్రీ ఏ.డి. పటేలు, స్వామి రుద్రానంద గార్ల నాయకత్వమున రైతులు చెరకు కోయ నిరాకరించిరి. నెలలు గడచెను, ధర పెరుగలేదు. 1969లో లార్డు డెన్నింగు విచారణ జరుపగా పటేలుగారు రైతుల పక్షమున వాదించిరి. ఆ యేటి అక్టోబరులోనే గతించుటచే 1970 నాటి తీర్పును వారు చూడలేదు. అమ్మకపు రాబడిలో రైతునకు నూటికి 65, మిల్లునకు 35 పాళ్లని తీర్పు. క్వీన్సులాండు చట్టమునకు ఇది 55 సంవత్సరములు వెనుక. ఆ పాలు తనకు గిట్టదని కంపెనీ 1973లో మిల్లులను ఫిజీ ప్రభుత్వమున కమ్మి సిడ్నీకి మరలెను.